జాజి ద్వారబంధం ఎందుకు కొరికింది?

ముందుగా ఒక లెక్క. మహాత్మాగాంధీ కొత్త సిరీస్ అయిదు వందల నోటు పొడవు 150 మిల్లీమీటర్లు, వెడల్పు 66. అంటే 99 చదరపు సెంటీమీటర్లు. పాడైన నోటులో మిగిలిన ఒకే పెద్ద ముక్క 80 చదరపు సెంటీమీటర్లు ఉంటే పూర్తి విలువ, 40 నుంచి 80 లోపు ఉంటే సగం విలువ, అంతకన్నా తక్కువైతే ఏమీ రాదు. కౌంటర్లో కూర్చునే వాళ్లకు ఇది కొత్త విషయం కాదు. నేను మాత్రం ఈ లెక్కను ఒక ఆదివారం సాయంత్రం, కోల్‌కతా భవానీపూర్‌లోని మా అద్దె ఇంట్లో, ఎర్ర గచ్చు మీద కూర్చుని మా అబ్బాయి స్కేలుతో వేయాల్సి వచ్చింది. నోటు నమిలింది మా కుక్క జాజి. మిగిలిన ముక్క అటూ ఇటూగా 60 చదరపు సెంటీమీటర్లు. సగం విలువ.

నోటుకైతే రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆ మరుసటి వారం జాజి కొరికిన వీధి తలుపు ద్వారబంధానికి ఏ నిబంధనా లేదు. అది ఇంటివాళ్ల తాతగారి కాలం నాటి బర్మా టేకు. కింది నుంచి జానెడు ఎత్తు వరకు పీచు పీచుగా చేసి పెట్టింది. కింద వాటాలో ఉండే ఇంటి యజమానురాలిని మేం మాషీమా అని పిలుస్తాం, అంటే పిన్నిగారు. ఆవిడ మెట్లెక్కి వచ్చి, చూసి, ఒక్క మాట కూడా అనకుండా దిగిపోయారు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. రెండు రోజుల తర్వాత వాళ్ల అబ్బాయి ఫోన్ చేసి, వచ్చే నెలాఖరులోగా కుక్క సంగతి ఏదో ఒకటి తేల్చమన్నారు.

ట్రాన్స్‌ఫర్ మీద కుక్కతో సహా వెళ్లిన కుటుంబాలకు ఈ మాట అనుభవమే. "ఎవరికైనా ఇచ్చేయండి", "తోట ఉన్నవాళ్లకి అప్పగించండి" అని సలహా చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. మేమూ ఒక దశలో ఆ ఆలోచనకు వచ్చాం. రాజమహేంద్రవరంలో తెలిసినవాళ్లకు ఫోన్ కూడా చేశాను. జాజి ఇప్పటికీ మా దగ్గరే ఉందంటే, కొరకడాన్ని ఒక తప్పుగా కాకుండా ఒక లక్షణంగా, జ్వరంలాగా చూడడం ఆలస్యంగానైనా నేర్చుకున్నాం కనుకే. జ్వరానికి కారణం తెలియకుండా మందు వేయం కదా.

ఆ చూపు పశ్చాత్తాపం కాదు

మొదట మేం చేసింది అందరూ చేసేదే. ఆఫీసు నుంచి రాగానే పాడైన వస్తువును జాజి ముక్కు దగ్గర పెట్టి గట్టిగా కేకలేయడం. చెవులు వెనక్కి వాల్చి, తోక కాళ్ల మధ్య దాచుకుని, ఓరగా చూసేది. "చూశావా, చేసింది తప్పని దానికి తెలుసు" అనేవారు మావారు. నేనూ అలాగే అనుకున్నాను.

న్యూయార్క్‌లోని బర్నార్డ్ కళాశాలలో కుక్కల ప్రవర్తన మీద పనిచేసే అలెగ్జాండ్రా హొరోవిట్జ్ సరిగ్గా ఈ చూపునే పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. మొత్తం 14 కుక్కలు. తినుబండారం ముందు పెట్టి, తినొద్దని చెప్పి యజమాని గది బయటికి వెళతారు. కొన్ని సార్లు కుక్క తింటుంది, కొన్ని సార్లు తినదు. తిరిగి వచ్చిన యజమానికి మాత్రం కొన్ని సార్లు నిజం చెప్పారు, కొన్ని సార్లు అబద్ధం చెప్పారు. తేలిందేమిటంటే, కుక్క తిన్నదా లేదా అన్నదానితో ఆ "తప్పు చేసిన" చూపుకు సంబంధం లేదు. యజమాని కోప్పడితే ఆ చూపు వచ్చింది. పైగా ఏ పాపమూ ఎరగక తిట్లు తిన్న కుక్కల్లోనే ఎక్కువగా కనిపించింది. అంటే అది పశ్చాత్తాపం కాదు, మన ముఖం చూసి పుట్టిన భయం.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. కుక్క ఉదయం పదింటికి చేసిన పనిని సాయంత్రం ఆరున్నరకు పడే తిట్లతో ముడిపెట్టుకోలేదు. ఆ క్షణంలో జరుగుతున్నదానితోనే ముడిపెట్టుకుంటుంది. ఆ క్షణంలో జరుగుతున్నది మనం ఇంటికి రావడం. అలా నేను రోజూ సాయంత్రం జాజికి నేర్పింది ఒక్కటే: అమ్మ ఇంటికి వస్తే భయపడాలి అని. వెళ్లినా భయమే, వచ్చినా భయమే. ఇక అది రోజంతా ఏం చేస్తుంది?

ఇన్‌స్పెక్షన్ అలవాటు పనికొచ్చింది

జాజిని చూసిన పశువైద్యురాలు మొదట దాని నోరు తెరిచి పళ్లు, చిగుళ్లు చూశారు. పొట్ట నొక్కి చూశారు, తిండి ఎంత పెడుతున్నామో అడిగారు. అంతవరకు బుద్ధిగా ఉన్న పెద్ద కుక్క ఉన్నట్టుండి కొరకడం మొదలుపెడితే పంటి నొప్పో, జీర్ణకోశంలో తేడానో, చాలని తిండో ఉండవచ్చట. ముఖ్యంగా మట్టి, గోడ సున్నం, గుడ్డ లాంటివి నమిలి మింగేస్తుంటే ముందు వైద్యం, తర్వాతే శిక్షణ. జాజికి అలాంటివేమీ లేవని తేలాక ఆవిడ నాకో పని అప్పగించారు. రెండు వారాల పాటు ఒక నోటు పుస్తకంలో నాలుగు గడులు గీసి రాయాలి: ఏం కొరికింది, ఇంట్లో ఏ చోట, ఏ వేళ, అప్పుడు ఇంట్లో ఎవరున్నారు.

బ్రాంచి ఇన్‌స్పెక్షన్లు చేసిన చేతికి అది కష్టమైన పని కాదు. రెండు వారాల తర్వాత పుస్తకం చూస్తే, ఒకే కుక్క రెండు వేరు వేరు కారణాలతో కొరుకుతోందని స్పష్టంగా కనిపించింది. నోటు, సోఫా దిండు, చెప్పులు, రిమోట్ అన్నీ మేం ఇంట్లో ఉన్నప్పుడో, సెలవు రోజు మధ్యాహ్నమో పోయాయి. ద్వారబంధం, కిటికీ చెక్క పలకలు మాత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడే. మేం బయటికి వెళ్లే దారులు, మమ్మల్ని చూడగలిగే దారులు అవి.

మూడో కారణం జాజికి వర్తించదు. కానీ మీలో చాలామందికి అదే ముందు ఎదురవుతుంది కనుక చెబుతాను. అది పళ్లు రావడం. కుక్కపిల్లకు 28 పాలపళ్లు ఉంటాయి. నాలుగో నెల అటూ ఇటూగా ఊడడం మొదలై, ఆరేడు నెలలు నిండేసరికి 42 శాశ్వత దంతాలు వస్తాయి. ఆ కాలమంతా చిగుళ్లు సలుపుతాయి, ఏదో ఒకటి నమిలితేనే హాయి. తడి గుడ్డను పేని, ముడివేసి, ఫ్రీజర్‌లో గట్టిపడ్డాక ఇస్తే చల్లదనానికి ఉపశమనంగా ఉంటుంది. గుడ్డ చిరగడం మొదలు కాగానే తీసేయాలి.

పిల్లలు నోటితో లోకాన్ని తెలుసుకోవడం కూడా ఇందులో భాగమే. కోల్‌కతాకు ఉత్తరాన మోహన్‌పూర్‌లోని ఐసర్ సంస్థలో అనిందితా భద్ర గారి బృందం చాలా ఏళ్లుగా బెంగాల్ వీధికుక్కలనే పరిశీలిస్తోంది. మాంసం మీద ప్రత్యేకమైన ఇష్టం కుక్కపిల్లల్లో పుట్టుకతో ఉండదని, పెరుగుతూ నేర్చుకుంటాయని వాళ్లు 2014లో చూపించారు. ఏది తిండో ఏది కాదో కూడా నేర్చుకోవలసిన జీవికి ఏది చెప్పో ఏది బొమ్మో తెలియకపోవడంలో వింత లేదు. అందుకే పాత చెప్పు ఆడుకోవడానికి ఇవ్వకండి. పాత చెప్పుకీ, మొన్న దసరాకి కొన్న చెప్పుకీ తేడా దానికి తెలియదు. రెండూ మన పాదాల వాసనే.

నోటు నమిలిన కుక్క

నోటు విషయం తేలికైనది కాబట్టి ముందు అది. రాజమహేంద్రవరంలో మాకు పెరడు ఉండేది. కొబ్బరి చెట్లు, ఉడతలు, గోడ మీద పిల్లి, అరుగు మీద రోజంతా అత్తయ్యగారు. జాజికి ఒక్కరోజు కూడా పని లేకుండా గడవలేదు. ఫిబ్రవరిలో ఇక్కడికి వచ్చాక దానికి దక్కింది రెండు గదులు, ఒక సన్నటి వరండా. పొద్దున పది నిమిషాలు, రాత్రి పది నిమిషాలు, అదీ పని కానిచ్చుకుని వచ్చేయడానికి. రెండున్నరేళ్ల కుక్క, తల్లి దేశీ, తండ్రి లాబ్రడార్. అంత శక్తినీ ఎక్కడ ఖర్చు పెడుతుంది? సోఫా మీద పెట్టింది.

కుక్కను అలసిపోయేలా పరుగెత్తించాలని చాలామంది చెబుతారు. నా అనుభవంలో పరుగు కన్నా వాసన ఎక్కువ పనిచేసింది. భవానీపూర్ సందులు దానికి తగినవే. పొద్దున్నే నీళ్లు కొట్టి కడిగిన కాలిబాటలు, జదుబాబు బజారు వైపు నుంచి వచ్చే చేపల బుట్టలు, ఇళ్ల ముందు అరుగుల పక్కన పాడా కుక్కలు వదిలి వెళ్లిన "సమాచారం". మునుపు నేను తాడు లాగి త్వరగా నడిపించేదాన్ని. ఇప్పుడు ఆరింటికే బయలుదేరి అరగంట దాని ఇష్టానికి వదులుతాను. ఒక్క దీపస్తంభం దగ్గర నాలుగు నిమిషాలు నిలబడినా సరే. మనం పేపరు చదివినట్టే అనుకోండి. అలా తిరిగి వచ్చిన రోజు తొమ్మిదింటికల్లా నిద్రపోతుంది.

తిండిని గిన్నెలో పోయడం మానేశాం. సగం తిండి తువ్వాలులో చుట్టి ఇస్తే విప్పుకుని తింటుంది. ఖాళీ అట్టపెట్టెలో కాగితం ఉండల మధ్య వేస్తే వెతుక్కుంటుంది. పెట్టె చింపేస్తుంది నిజమే, చింపనివ్వండి. ఊడ్చుకోవడానికి రెండు నిమిషాలు, సోఫాకు పన్నెండు వేలు.

బోలుగా ఉండే గట్టి రబ్బరు బొమ్మలు దొరుకుతాయి. వీటికి ఆద్యుడు అమెరికాలో జో మార్కమ్ అనే ఆయన. రాళ్లు కొరికి పళ్లు అరగదీసుకుంటున్న తన కుక్క ఫ్రిట్జ్ ఒక ఫోక్స్‌వ్యాగన్ బండి రబ్బరు భాగాన్ని వదలకుండా నమలడం చూసి, 1970లలో ఆ ఆకారంలో బొమ్మ చేశాడు. అందులో ఏం నింపాలో మాత్రం మన వంటింటికి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఉప్పు, పోపు లేని మెత్తటి పెరుగన్నం నింపి రాత్రి ఫ్రీజర్‌లో పెడితే పొద్దున ముప్పావు గంట పని. గుమ్మడికాయ ముక్క, ఉడికించిన క్యారెట్టు కూడా పనికొస్తాయి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్ వేయకూడదు. అవి కుక్కలకు విషం.

కారం రాయమని ఊళ్లో చాలామంది చెప్పారు. జాజి ఆవకాయ ముద్ద కింద పడితే వదలని రకం (ఆవకాయలో వెల్లుల్లి ఉంటుందన్న ధ్యాస అప్పట్లో మాకు లేదు). సరదా పక్కన పెడితే, కారం కళ్లలో, ముక్కులో పడితే అది హింసే. కుక్కల కోసమే చేసిన చేదు స్ప్రేలు ఉన్నాయి, కాలక్షేపానికి కొరికే కుక్క మీద కొంత పనిచేస్తాయి. అయినా ఒక చోట చేదు తగిలితే పక్క చోటికి పోతుంది, నమలడానికి తగినది ఎదురుగా లేకపోతే.

నోట్లో ఉన్నదాన్ని లాక్కోవడం కూడా మానండి. మనం వెంటపడితే అది ఆట, మరీ గట్టిగా లాగితే పోట్లాట. దొరికింది దొరికినట్టు గబుక్కున మింగేసే అలవాటు అలాగే వస్తుంది. మా అబ్బాయి జాజికి "వదులు" అన్న మాట మార్పిడి బేరంతో నేర్పాడు. చేతిలో కోడి ముక్క చూపించి, "వదులు" అనడం, నోట్లోది జారగానే ముక్క ఇవ్వడం. వదిలింది ప్రమాదం లేని వస్తువైతే తిరిగి దానికే ఇచ్చేయడం. ఇస్తే నష్టం లేదని దానికి నమ్మకం కుదరాలి. పదకొండేళ్ల పిల్లవాడికి ఇది నాకన్నా బాగా వచ్చింది.

ద్వారబంధం కొరికిన కుక్క

పై ఉపాయాలన్నీ అమలు చేశాక సోఫా నిలిచింది, చెప్పులు నిలిచాయి. ద్వారబంధం మాత్రం రోజూ ఇంకొంచెం పోతూనే ఉంది.

దారి చూపించింది మాషీమాయే. ఒకరోజు మెట్ల దగ్గర ఆపి అడిగారు: "నువ్వు వెళ్లాక అది ఎంతసేపు ఏడుస్తుందో నీకు తెలుసా, మా?" కూతురి ఈడు వాళ్లను బెంగాలీలు "మా" అనే పిలుస్తారు. నాకు తెలియదు. తెలిసే అవకాశమే లేదు, నేను మెట్రోలో ఉంటాను. ఆ మర్నాడు పాత ఫోన్‌ను పుస్తకాల అరలో నిలబెట్టి వీడియో పెట్టి వెళ్లాను.

సాయంత్రం చూశాం. తలుపు వేసిన నిమిషానికే జాజి గదిలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. నాలుగో నిమిషానికి ఏడుపు, తర్వాత గోళ్లతో గీకడం, ఆ తర్వాత ద్వారబంధం. నోటి నుంచి చొంగ కారుతోంది. ప్రాణంలా ఇష్టపడే పెరుగన్నం బొమ్మ పక్కనే ఉంది, ముట్టలేదు. ముప్పై అయిదు నిమిషాలకు అలసిపోయి తలుపుకు ముక్కు ఆనించి పడుకుంది. మా అబ్బాయి మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు. మావారు ఏమీ అనలేదు కానీ ఆ రాత్రి నుంచి ఇంట్లో కేకలు ఆగిపోయాయి.

తిండి ముట్టకపోవడం ముఖ్యమైన గుర్తు. తోచక కొరికే కుక్క తిండి వదలదు. ఒంటరితనానికి బెదిరిపోయిన కుక్కకు తిండి కనిపించదు. అది పగ తీర్చుకోవడం లేదు, గారాబమూ కాదు. తప్పించుకుని మన దగ్గరికి రావాలని చూస్తోంది. ఇల్లు మారడం, రోజంతా తోడుండే మనిషి ఒక్కసారిగా లేకపోవడం ఈ భయానికి తరచూ కారణాలు. మా ఇంట్లో రెండూ ఒకే నెలలో జరిగాయి. ఇలాంటి కుక్కను బోనులో పెట్టి తాళం వేస్తే పని ఇంకా చెడుతుంది. ఊచలు కొరికి పళ్లు విరగ్గొట్టుకున్న కుక్కలున్నాయని డాక్టరమ్మ హెచ్చరించారు. రోజంతా గొలుసుతో కట్టేయడమూ అంతే. అది 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కిందికి రావచ్చు కూడా.

దీనికి చేసేది మందలింపు కాదు, అలవాటు. వరుస ఇదీ.

మొదటి మెట్టు, మన ప్రయాణపు గుర్తులను చప్పబరచడం. నేను ఐడీ కార్డు మెడలో వేసుకోగానే జాజి రొప్పడం మొదలుపెట్టేది. అందుకని రోజుకు పదిసార్లు ఐడీ కార్డు వేసుకుని వంట చేశాను. తాళం చెవులు తీసి కాఫీ తాగాను. హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని టీవీ చూశాను. ఇంటికి వచ్చినవాళ్లు ఏమనుకున్నారో తెలియదు. ఎనిమిది రోజులకు ఐడీ కార్డు చూసినా జాజి తల ఎత్తడం మానేసింది.

రెండో మెట్టు, తలుపు. తీయడం, వేయడం. బయట అడుగుపెట్టి అయిదు సెకన్లలో లోపలికి రావడం. అది ఏడవక ముందే రావాలి, ఇక్కడే అంతా ఉంది. ఏడిచాక వస్తే ఏడిస్తే వస్తారని నేర్పినట్టు అవుతుందా అని నాకు సందేహం వచ్చింది. డాక్టరమ్మ దాన్ని వేరేగా చెప్పారు: భయం మొదలయ్యిందంటే ఆ రోజు పాఠం చెడిపోయినట్టే, కాబట్టి భయం మొదలయ్యే హద్దుకు ఇవతలే ఉండాలి. తర్వాత పది సెకన్లు, మళ్లీ నాలుగు, ఇరవై, ఎనిమిది. ఒకే లెక్కన పెంచుకుంటూ పోతే ప్రతిసారీ ముందటి కన్నా కష్టమే అని అది కనిపెడుతుంది. వెళ్లేటప్పుడు ముద్దులు, వీడ్కోళ్లు వద్దు. వచ్చాక పండగ చేసుకోవడమూ వద్దు. నీళ్లు తాగి, చెప్పులు సర్దుకుని, అది కుదుటపడ్డాక పలకరించాలి.

మూడోది మెట్టు కాదు, షరతు. శిక్షణ సాగినన్ని రోజులూ అది తట్టుకోగలిగినదానికి మించి ఒంటరిగా వదలకూడదు. ఉద్యోగస్తులకు ఇదే గండం. పొద్దున అయిదు నిమిషాలు నేర్పి, పదింటి నుంచి ఎనిమిది గంటలు తాళం వేసి పోతే, పొద్దున కట్టిన గోడ మధ్యాహ్నానికి కూలినట్టే. నేను ఆరు రోజులు సెలవు పెట్టాను. ఇయర్ ఎండింగ్ అయిపోయిన ఏప్రిల్ కాబట్టి దొరికింది. సెక్టార్ ఫైవ్‌లో పనిచేసే మావారు వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేశారు. మిగిలిన రోజులకు ఏం చేయాలో తెలియక, సిగ్గు విడిచి మాషీమాకు వీడియో చూపించాను.

ఆవిడ పూర్తిగా చూశారు. "ఇది నా తలుపు కొరకడం లేదు, నీ కోసం కొరుకుతోంది" అన్నారు. మర్నాటి నుంచి జాజి పగలు కింద వాటాలో, ఆవిడ కుర్చీ పక్కన. నెలాఖరు గడువు గురించి వాళ్లబ్బాయి మళ్లీ ఎత్తలేదు.

అరగంట వరకు చేరడానికి అయిదు వారాలు పట్టింది. భయం ఎక్కువగా బయటపడేది తొలి అరగంటలోనే కాబట్టి, ఆ గండం దాటాక గంట, రెండు గంటలు కాస్త త్వరగా వచ్చాయి. జూలై నాటికి నాలుగు గంటలు. మధ్యలో రెండుసార్లు వెనక్కి జారింది. ఒకసారి మాకు జ్వరాలు వచ్చి వారం రోజులు అందరం ఇంట్లోనే ఉన్నాక, ఇంకోసారి కాళీపూజ టపాకాయలకు. కొన్ని కుక్కలకు శిక్షణతో పాటు మందు కూడా అవసరమవుతుంది. అది పశువైద్యులు పరీక్షించి రాయాల్సినది. ఇంట్లో పెద్దవాళ్లు వేసుకునే నిద్రమాత్ర సగం విరిచి వేయడం ఎంతమాత్రం పనికిరాదు.

కొరకడం వేరు, మింగడం వేరు

ఇంత చెప్పి ఒక విషయం దాచడం సబబు కాదు. మే నెలలో, శిక్షణ బాగా సాగుతున్న రోజుల్లోనే, మా అజాగ్రత్త వల్ల జాజి చావు తప్పించుకుంది. రాత్రి హిమసాగర్ మామిడిపళ్లు తిని టెంకలు పళ్లెంలో వదిలేసి పడుకున్నాం. పొద్దునకు ఒక టెంక తక్కువ. లెక్కపెట్టింది మాత్రం సాయంత్రం, అది మూడుసార్లు వాంతి చేసుకుని, నీళ్లు కూడా నిలవక, వీపు వంచి నిలబడిపోయినప్పుడు. స్కాన్‌లో టెంక పేగులో అడ్డం పడి ఉంది. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. ఖర్చు రెండు నెలల ఇంటి అద్దె. మరో రోజు ఆగి ఉంటే పేగు కుళ్లేదని చెప్పారు.

కాబట్టి ఇది గుర్తు పెట్టుకోండి. పదే పదే వాంతులు, తిండి మీద విముఖత, విరేచనం ఆగిపోవడం, కడుపు ముట్టనివ్వకపోవడం, వీటిలో ఏది కనిపించినా, మింగిందేమో అన్న అనుమానం ఏ కాస్త ఉన్నా, తెల్లారే వరకు ఆగకండి. నోట్లోంచో వెనక నుంచో దారం వేలాడుతుంటే లాగకండి, లోపల పేగు కోసుకుపోతుంది. ఇంట్లో నేల మీద కూర్చుని కుక్క ఎత్తు నుంచి ఒకసారి చుట్టూ చూడండి. ఛార్జర్ తీగలు, బటన్ బ్యాటరీలు, బీరువా అడుగున కలరా ఉండలు, దోమల మందు సీసా, ఎలుకల మందు, మంచం పక్కన పారాసెటమాల్ అట్ట, పిల్లల సాక్సులు, చాక్లెట్, చక్కెర లేని చూయింగ్ గమ్. కుండీల్లో గన్నేరు ఉంటే అది కూడా.

ఎముకల మాట. వండిన ఎముక పెళుసు, సూదుల్లా విరుగుతుంది, ఇవ్వకూడదు. కుక్కల కోసం అమ్మే గిట్టలు, కొమ్ములు మరీ గట్టివి, పళ్లు పగులుతాయి. బొటనవేలి గోరుతో నొక్కితే కాస్తయినా సొట్ట పడని వస్తువు దాని పంటికి గట్టిదే. బొమ్మ ఎప్పుడూ నోటి కన్నా పెద్దదిగా ఉండాలి, వెనక పళ్ల దాకా పూర్తిగా దూరిపోకూడదు. కొబ్బరిబొండం డిప్ప జాజికి మహా ఇష్టం. ఎదురుగా కూర్చుని పది నిమిషాలు నమలనిచ్చి, పీచు మింగకముందే "వదులు" అంటాం.

ద్వారబంధాన్ని బాగు చేయించడానికి పూజ సెలవుల్లో వడ్రంగిని పిలిచాను. పాత టేకుకు అతుకు కుదిరింది, రంగు కొంచెం తేడా. ఖర్చు మేమే పెట్టుకున్నాం. మాషీమా కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసి, గదిలో పడుకున్న జాజిని పేరు పెట్టి పిలిచి, దానికీ చూపించారు.

వచ్చే ఏప్రిల్‌కు నా పేరు మళ్లీ ట్రాన్స్‌ఫర్ లిస్టులో ఉండవచ్చు. ఈసారి ఏం చేయాలో రాసి పెట్టుకున్నాను. కొత్త ఇంటికి వెళ్లిన మొదటి వారం ఇద్దరిలో ఒకరం సెలవులో ఉండాలి. జాజి పడుకునే పాత దుప్పటి ఉతకకుండా తీసుకెళ్లాలి, దాని వాసన దానికి ఇల్లు. సామాను విప్పకముందే తలుపు పాఠం మళ్లీ అయిదు సెకన్ల నుంచి మొదలు. ఆ సరికి అత్తయ్యగారు కూడా మాతో వస్తానంటున్నారు. ఆవిడ వస్తే మాత్రం ఆవకాయ జాడీ అటక మీదే.